మధ్యాహ్నం పన్నెండున్నర ఆట

సింహాచలమ్మకు నిజంగా కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. కోర్టు పక్కన నిలబడి సాయంత్రమంతా ఆమె అరిచే అరుపులు కోపం కాదు, అవి ఉద్యోగం. ఆ తేడా నాకు తెలిసింది నిరుడు మార్చిలో, కాలేజీ బాస్కెట్‌బాల్ షెడ్యూలు వచ్చిన రోజున.

నేను హిందీ మాట్లాడే ఉక్కు ప్లాంటు ఊరు భిలాయిలో, సెక్టర్ 6లో ఒక ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆటలతో నాకు ఏ సంబంధమూ లేదు. జట్టు వెంట మేనేజరుగా ఒక లేడీ లెక్చరర్ ఉండాలని నియమం ఉంది. ఆ ఏడాది ఎవరూ ఒప్పుకోకపోతే కొత్తగా చేరిన నన్ను వేశారు. సింహాచలమ్మ మా ఫిజికల్ డైరెక్టరు, జట్టుకు కోచ్. వయసు యాభై రెండు. ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ. నెరిసిన జుట్టును రబ్బరు బ్యాండుతో గట్టిగా కట్టి, మెడలో ఈల వేసుకుని తిరిగేది. పిల్లలు 'సిమ్మీ దీదీ' అనేవారు. ఆ పేరు పెట్టింది చిన్నప్పటి హిందీ టీచరట. 'సింహాచలమ్మ' అనే మాట ఆవిడ నోటికి తిరగలేదు.

ఆమె తండ్రి చిట్టిబాబు టెక్కలి దగ్గర పల్లె నుంచి వచ్చి బ్లాస్ట్ ఫర్నేసులో పనికి కుదిరాడు. సెక్టర్ 6లో క్వార్టరు ఇచ్చారు. క్వార్టరుకు ఎదురుగా సిమెంటు కోర్టు ఉండేది. పదకొండేళ్ళప్పుడు సింహాచలమ్మ అక్కడ ఆడుతున్న పెద్ద పిల్లలను చూసి తనూ దిగింది. కాళ్ళకు బూట్లు లేవు. తండ్రి పాత సేఫ్టీ బూట్లలో గుడ్డలు కుక్కుకుని ఆడేది. "ఆ బూట్లు ఒక్కోటి కిలో ఉంటాది కుముదినీ. వాటితో ఎగరడం నేర్చుకున్నాను. తరవాత కేన్వాసు బూట్లు ఇచ్చినారు. ఇంక నన్నెవడు ఆపుతాడు?" అని నాతో ఒకసారి అంది.

ఆపారు. అదీ చెప్పాలి.

1994లో ఆమె మా కాలేజీలోనే డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. ఫైనల్లో మాకూ నెహ్రూ నగర్ కాలేజీకీ పోటీ. ఈ రెండు జట్ల మధ్య పోరు అప్పటికే ముదిరి ఉంది. మావాళ్ళు ఎక్కువగా ప్లాంటు కార్మికుల పిల్లలు, వాళ్ళు ఆఫీసర్ల పిల్లలు. మ్యాచి ఉన్న రోజున రెండు కాలేజీల పిల్లలూ ఒకే బస్సు ఎక్కేవారు కాదట. ఆ ఫైనల్లో సింహాచలమ్మ ఇరవై మూడు పాయింట్లు చేసింది, మా కాలేజీ గెలిచింది. సాయంత్రం యూనివర్సిటీ జట్టుకు పన్నెండు మంది పేర్లు నోటీసు బోర్డులో పెట్టారు. ఏడో పేరు ఆమెది. మర్నాడు పొద్దున తండ్రికి చూపిద్దామని సైకిలు మీద తీసుకొస్తే, బోర్డులో వేరే కాగితం ఉంది. ఏడో పేరు జ్ఞానప్రసూన. నెహ్రూ నగర్ కాలేజీ జట్టులో గార్డుగా ఆడేది, ప్లాంటులో పెద్ద ఇంజనీరు కూతురు.

సింహాచలమ్మ నేరుగా ప్రసూన ఇంటికి వెళ్ళి, గేటు దగ్గరే నిలబడి అడిగింది. "నాకేం తెలియదు" అని ప్రసూన లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇద్దరూ కోచ్‌లయ్యారు. ప్రతి ఏడూ కనీసం ఒకసారి ఒకే కోర్టుకు అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు. ముప్పై ఏళ్ళు దాటినా ఒక్క మాట లేదు. ఆట అయ్యాక ఇద్దరూ చేతులు కలపాలి కదా. సింహాచలమ్మ ప్రసూన చేతిని వేళ్ళ కొసలతో తాకి, వెంటనే ఆ చేతిని ట్రాక్ ప్యాంటుకు తుడుచుకునేది. కళ్ళారా చూశామని పిల్లలు నాతో చెప్పారు.

ఇక షెడ్యూలు సంగతి. కాలేజీ సీజను మామూలుగా చలికాలంలో జరుగుతుంది. ఆ ఏడాది పరీక్షలు వెనక్కి పోవడంతో మార్చి చివరకు జరిగింది. షెడ్యూలు వచ్చిన రోజున జట్టును క్లాసురూములో కూర్చోబెట్టి, ఎవరితో ఎలా ఆడాలో బోర్డు మీద రాసి చెప్పడం సింహాచలమ్మకు అలవాటు. పన్నెండు మంది పిల్లలు బెంచీల మీద కూర్చున్నారు. నేను వెనక కూర్చున్నాను. ఆమె ఫోను చూసుకుంటూ సుద్దముక్కతో రాయడం మొదలుపెట్టింది.

"ఫస్టు మ్యాచి ఉతై కాలేజీతో, మన గ్రౌండులో. ఆ గుంటలు బాల్ వెయ్యలేరు గానీ పరిగెత్తుతారు. నలభై నిమిషాలూ పరిగెడతారు. మీరు వాళ్ళతో పరిగెత్తకండి, బాల్‌ని పరిగెత్తించండి. రెండోది రాజ్‌నాందగావ్, అక్కడికెళ్ళి ఆడాలి. వాళ్ళకో పొడుగు పిల్ల ఉంది. నీలిమా, దాన్ని రింగు కింద నిలబడనిచ్చావో, నిన్ను కూర్చోబెట్టీస్తాను."

నీలిమ మా కెప్టెన్. తల ఊపింది.

"మూడోది బాలోద్. కొత్త టీము. కొత్త టీము అని తక్కువగా చూసీకండి, కొత్తవాళ్ళకి భయముండదు. నాలుగు..." అని ఆగింది. నాలుగో మ్యాచి పేరు చెప్పనక్కర్లేదు. పిల్లలే నవ్వుతూ బెంచీలు చరిచారు. "వాళ్ళ గ్రౌండులో ఆడాలి. ఆవిడగారు రెండో క్వార్టరు దాకా మామూలుగా ఆడించి, మూడో క్వార్టర్లో ఫుల్ కోర్టు ప్రెస్ పెడతాది, మన రింగు కింద నుంచే మీద పడిపోతారు. ముప్పై ఏళ్ళుగా అదే. ఇంకోటి రాదు. అయిదోది దుర్గ్. ఆ సంగతి తరవాత మాటాడుకుందాం."

ప్రతి జట్టు పేరు పక్కనా తేదీ రాసింది. తర్వాత టైము రాయడానికి ఫోనును కళ్ళ దగ్గరికి తీసుకుంది. సుద్ద బోర్డు మీదే ఆగిపోయింది. అలా ఎంతసేపు నిలబడిందో, నీలిమ "దీదీ, క్యా హువా?" అని అడిగింది.

అయిదు పేర్ల పక్కనా ఒకే టైము రాసింది. 12:30. 12:30. 12:30. అన్నీ బయటి సిమెంటు కోర్టుల మీదే. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో, భిలాయిలో, మిట్టమధ్యాహ్నం. అదే షెడ్యూలులో రెండో పేజీ అబ్బాయిలది. అన్ని మ్యాచులూ సాయంత్రం ఆరింటికి, కొత్తగా కట్టిన ఇండోర్ హాల్లో, చెక్క ఫ్లోరు మీద, లైట్ల కింద.

"ఇది అచ్చుతప్పేమో అక్కా" అన్నాను.

ఆమె నా వైపు తిరిగి, వినబడీ వినబడనట్టు అంది. "అయిదు సార్లు తప్పు పడతాదేటి?"

అప్పుడు తెలిసింది నాకు, ఆమెకు కోపం వస్తే ఎలా ఉంటుందో.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కమిటీ ఆఫీసుకు వెళ్ళింది. కార్యదర్శి భుజంగరావు మన తెలుగువాడే, ప్లాంటులో ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. కాలేజీల మధ్య పోటీలు నడిపే ఆ కమిటీలో తొమ్మిదేళ్ళుగా ఆయనదే మాట. మమ్మల్ని కూర్చోమని టీ తెప్పించాడు. సింహాచలమ్మ కూర్చోలేదు. షెడ్యూలు కాగితం ఆయన ముందు పెట్టింది.

"చూడు సింహాచలం, ఉన్న రెఫరీలు నలుగురే. మధ్యాహ్నం ఆడపిల్లల ఆటలు అయిపోతే, వాళ్ళు సాయంత్రానికి హాలుకు చేరుకుంటారు. పైగా ఆడపిల్లలు చీకటి పడేలోగా ఇళ్ళకు చేరాలి. రేపేదైనా జరిగితే పూచీ నీదా, నాదా?"

"మా టీములో ఇద్దరు గుంటలు తెల్లారగట్ట నాలుగింటికి లేచి పాల పేకెట్లు వేసొస్తారు సార్. అప్పుడు చీకటి కాదేటి? దానికి పూచీ ఎవరు తీసుకున్నారు?"

"అది వాళ్ళ ఇంటి విషయం."

"చీకటంటే మీకు భయం. మరి ఎండంటే? ఆ సిమెంటు మీద చెప్పులు లేకుండా పన్నెండున్నరకి ఒక్క నిమిషం నిలబడండి. నిలబడితే నాను ఇంకేటీ మాటాడను."

భుజంగరావు నవ్వాడు. ఆ నవ్వు నాకూ నచ్చలేదు. "సాయంత్రం హాలు ఇస్తే మాత్రం జనం వస్తారా అమ్మా? జనం వచ్చేది అబ్బాయిల ఆటకు."

"ఫస్టు షిఫ్టు దిగేది రెండింటికి. జనరల్ షిఫ్టు దిగేది అయిదున్నరకి. పన్నెండున్నరకి ఆట పెట్టి జనం రాలేదంటే ఎలాగ? జనం రాని టైము చూసి పెట్టి, జనం రారంటున్నారు."

"షెడ్యూలు ఫైనల్" అన్నాడాయన. టీ గ్లాసులు అలాగే వదిలేసి వచ్చేశాం.

బస్సులో నేనొక మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది. "నెహ్రూ నగర్ వాళ్ళు కూడా మనతో కలిస్తే, కమిటీ వింటుందేమో అక్కా. ప్రసూనగారితో ఒకసారి..."

నా మాట పూర్తి కాలేదు. "నువ్వు కెమిస్ట్రీ చెప్పుకో కుముదినీ" అంది.

కానీ మర్నాడు పొద్దున కెమిస్ట్రీతోనే పని పడింది. లాబ్‌కు వచ్చి థర్మామీటరు కావాలంది. ఉతైతో మొదటి మ్యాచి రోజున, పన్నెండుంబావుకు, కోర్టు మధ్య గీత మీద ఆ థర్మామీటరు పెట్టించింది. నేల వేడి కొలిచే పద్ధతి అది కాదని చెప్పాను. "పద్ధతి తరవాత చెబుదువు గాని, ఎంతుందో చూడు" అంది. యాభై నాలుగు.

ఉతై పిల్లలు ఆమె చెప్పినట్టే పరిగెత్తారు, మొదటి పది నిమిషాలు. ఆ తర్వాత పరిగెత్తడం ఎవరి వల్లా కాలేదు. కింద పడ్డ పిల్ల లేవడానికి చెయ్యి నేలకు ఆనిస్తే, వేడికి వెనక్కి లాక్కునేది. రెండు జట్లూ ఆట ఆగినప్పుడల్లా పడుతూ లేస్తూ స్కోరు టేబుల్ మీద వేసిన గొడుగు నీడలోకి పరిగెత్తుకొచ్చేవి. చూడటానికి వచ్చినవాళ్ళు పదకొండు మంది. అందులో ముగ్గురు తల్లులు.

మేం పదహారు పాయింట్ల తేడాతో గెలిచాం. ఆట అయ్యాక సింహాచలమ్మ స్కోరు షీటు తన ముందుకు లాక్కుని, నీలిమకు పెన్ను ఇచ్చింది. స్కోరు షీటు అడుగున ఒక గడి ఉంటుంది. ఆట జరిగిన తీరు మీద అభ్యంతరం ఉంటే కెప్టెన్ అందులో సంతకం చెయ్యాలి. ఎప్పుడైనా చేస్తే ఓడినవాళ్ళే చేస్తారు. నీలిమ సంతకం చేసింది.

రెఫరీ తెల్లబోయాడు. "మేడమ్, ఆప్ తో జీత్ గయే!"

"గెలిచాం. అయినా సరే" అని, వెనక వైపు హిందీలో తనే రాసింది: నేల వేడి యాభై నాలుగు డిగ్రీలు. ఈ స్థితిలో ఆడించడం మీద గెలిచిన జట్టు అభ్యంతరం. ఉతై కోచ్ చదివి, తన కెప్టెన్‌ను కూడా పిలిచాడు. ఆ పిల్లా సంతకం చేసింది.

రాజ్‌నాందగావ్‌లో ఓడాం, రెండు పాయింట్లతో. సంతకం. బాలోద్ మీద గెలిచాం. సంతకం. మూడు మ్యాచులకూ మూడు కాగితాలు కమిటీకి చేరాయి. భుజంగరావు నుంచి ప్రిన్సిపాల్‌కు ఫోను వచ్చింది: గెలిచిన జట్టు అభ్యంతరం పెట్టడం ఎక్కడా లేదు, మీ కోచ్ మతి సరిగా ఉందా అని. ప్రిన్సిపాల్ పిలిచి మందలించాడు. సింహాచలమ్మ నిలబడి వింది. గదిలోంచి వచ్చాక నాతో అంది, "మతి సరిగా ఉందో లేదో అడగడానికి ఆయనకి ఫోను ఉంది. ఎండలో గుంటలెలాగున్నారో అడగడానికి లేదు."

నెహ్రూ నగర్‌తో మ్యాచికి ముందురోజు పొద్దున ఆరున్నరకు మా పిల్లలు ప్రాక్టీసు చేస్తున్నారు. ఒక కారు వచ్చి గ్రౌండు పక్కన ఆగింది. దిగిన మనిషిని చూసి పిల్లలు ఆట ఆపేశారు. జ్ఞానప్రసూన.

కాటన్ చీర, పొట్టిగా కత్తిరించిన జుట్టు, కళ్ళకింద నిద్ర లేని నలుపు. నేరుగా సింహాచలమ్మ దగ్గరికి వచ్చింది. నేను పక్కకు తప్పుకోబోతే, సింహాచలమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"మా రజని నిన్న దుర్గ్ మ్యాచిలో పడిపోయింది" అంది ప్రసూన. "నాలుగో క్వార్టర్లో. ఫిట్స్ లాగా వచ్చాయి. హాస్పిటల్లో ఉంది. రాత్రికి తెలివిలోకి వచ్చింది, ఇప్పుడు పర్వాలేదంటున్నారు."

సింహాచలమ్మ ముఖంలో ఏమీ మారలేదు. "ఎంతసేపు ఆడించావ్?"

"ముప్పై నాలుగు నిమిషాలు."

"ఎందుకు ఆడించావ్?"

"గెలవాలని." ప్రసూన తల దించుకోలేదు. "నువ్వు పెట్టిన కాగితాల సంగతి నాకు తెలుసు సింహాచలం. మొదటి దాని గురించి విన్నప్పుడు నవ్వాను. రేపు మనం ఆడకూడదు. మీరొక్కరే ఆడకపోతే మిమ్మల్ని ఓడిపోయారని రాస్తారు, అంతే. ఇద్దరం ఆడకపోతే వాళ్ళకు ఆటే లేదు."

"నిన్న ఆ గుంట పడిపోకపోతే వచ్చుందువా?"

దానికి బదులు ప్రసూన ఎవరూ అడగని మాట చెప్పింది. "ఆ రోజు సాయంత్రం బోర్డు మీద మొదటి లిస్టు నేనూ చూశాను. ఏడో పేరు నీదే. రాత్రి మా నాన్న ఎవరికో ఫోను చెయ్యడం కూడా విన్నాను. నాకు తెలుసు."

మా పిల్లలు బంతులు పట్టుకుని నిలబడిపోయారు. వాళ్ళకు ఆ తెలుగు సగం అర్థమై ఉంటుంది. సింహాచలమ్మ గొంతు వినాలంటే నేను దగ్గరికి వంగాల్సి వచ్చింది.

"మా నాన్న ఆవేళ సెలవు పెట్టీసి వచ్చినాడు. నా పేరు చూడ్డానికి. ఇంగ్లీషు చదవలేడు. ఏడో నంబరు ఎక్కడా అని వేలు పెట్టి చూపించీసి, ఇదేనా అమ్మా అన్నాడు. నీ పేరు మీద వేలు పెట్టి. నాను 'అవును' అన్నాను. తెలిసినాదా? చచ్చిపోయే వరకూ ఆయన నా పేరే అనుకున్నాడు. ఇప్పుడొచ్చి నీకు తెలుసని చెప్తే, దాన్ని నానేటి చేసుకోను?"

ప్రసూన ఏదో చెప్పబోయింది.

"రేపటి సంగతి చెప్పు" అంది సింహాచలమ్మ. "మిగతాది వద్దు. క్షమించమని మాత్రం అడక్కు, ఎందుకంటే నాను క్షమించను. రేపు ఆడం. మీ గుంటలతో మాటాడావా?"

"మాట్లాడాను."

"అయితే ఎల్లు."

మర్నాడు పన్నెండున్నరకు నెహ్రూ నగర్ కాలేజీ కోర్టు అద్దంలా మెరుస్తోంది. రెండు జట్లూ యూనిఫారాలు వేసుకుని గీత బయట వరసగా నిలబడ్డాయి. రెఫరీ ఈల వేశాడు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ వేశాడు. పదిహేను నిమిషాల్లోగా అయిదుగురు కోర్టులోకి దిగకపోతే ఆ జట్టు ఓడినట్టు. ఆయన వాచీ చూసుకుంటూ ఎండలో నిలబడ్డాడు. అంతలో భుజంగరావు వచ్చాడు, ఎవరు చెప్పారో.

"ఏమిటీ నాటకం? ప్రసూనా, నువ్వైనా చెప్పమ్మా ఈవిడకి. మీ నాన్నగారు, నేను కలిసి పనిచేసినవాళ్ళం."

"ఆడం సార్" అంది ప్రసూన.

"రెండు జట్లకీ సున్నా వేస్తాను. ఫైనల్ మాట మర్చిపోండి."

అప్పుడు నీలిమ ముందుకు వచ్చింది. హిందీ, తెలుగు కలిపి మాట్లాడే పిల్ల. "సర్, ఆప్ గీత లోపలికి రండి. మాతోపాటు ఉండండి. ఆప్ జితనా సేపు ఉంటే మేమూ ఉతనా సేపు ఆడతాం."

భుజంగరావు గీత లోపలికి రాలేదు. పదిహేను నిమిషాలు గడిచాయి. రెఫరీ స్కోరు షీటు మీద రెండు జట్లకూ ఓటమి రాశాడు. కెప్టెన్లిద్దరూ కింద సంతకాలు చేశారు. కమిటీ కారు వెళ్ళిపోయింది.

పిల్లలు ఇళ్ళకు వెళ్ళలేదు. కాలేజీ వరండాలో కూర్చున్నారు. మొదట ఇటు మావాళ్ళు, అటు వాళ్ళు. ఎవరో నిమ్మకాయ నీళ్ళు తెచ్చారు. రజని హాస్పిటల్ నుంచి వీడియో కాల్ చేసింది. రెండు జట్లూ ఒకే ఫోను చుట్టూ మూగాయి. సింహాచలమ్మ, ప్రసూన మాత్రం వరండాకు చెరో చివర కూర్చున్నారు.

అయిదున్నరకు ఎండ కోర్టు దాటిపోయింది. సింహాచలమ్మ లేచి ఈల వేసింది. "లెగండి. ఆడదాం."

అప్పటికి పిల్లల ఫోన్ల ద్వారా కబురు భిలాయి అంతా పాకింది. ఫస్టు షిఫ్టు దిగి నిద్ర లేచినవాళ్ళు, జనరల్ షిఫ్టు నుంచి యూనిఫారంతోనే సైకిళ్ళ మీదా స్కూటర్ల మీదా వచ్చినవాళ్ళు, రిటైరైనవాళ్ళు, తల్లులు, పక్క ఇళ్ళ పిల్లలు. నేను లెక్కపెట్టడం మూడొందల దగ్గర మానేశాను. మధ్యాహ్నం రెండు జట్లకూ ఓటమి రాసిన ఆ రెఫరీ కూడా వచ్చాడు. కమిటీ చొక్కా విప్పేసి, గళ్ళ చొక్కా వేసుకున్నాడు. "మై తో ఘూమ్‌నే ఆయా హూఁ" అని, ఊరికే షికారుకొచ్చినవాడిలా ఈల నోట్లో పెట్టుకున్నాడు.

స్కోరు నేనే రాశాను, నా రికార్డు పుస్తకం వెనక పేజీల్లో. అలాంటి ఆట మళ్ళీ చూడలేదు. మూడో క్వార్టరు వచ్చేసరికి ప్రసూన జట్టు ఫుల్ కోర్టు ప్రెస్ పెట్టింది. సింహాచలమ్మ "చెప్పానా లేదా!" అని అరిచింది. చెప్పి కూడా మావాళ్ళు దాన్ని దాటలేకపోయారు. చివరి నిమిషంలో మూడు పాయింట్లు వెనకబడి ఉండగా నీలిమకు రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. రెండూ పోయాయి. యాభై అయిదు, యాభై ఎనిమిది. ఓడిపోయాం.

ఆ ఆటకు ఏ లెక్కా లేదు. ఏ పట్టికలోకీ అది ఎక్కదు. అయినా సింహాచలమ్మ ప్రసూన దగ్గరికి గబగబా వెళ్ళి వేలు ఆడించింది. "మూడో క్వార్టర్లో మీ పదకొండో నంబరు మూడడుగులు వేసింది. బాల్ కొట్టకుండా మూడడుగులు. నానొప్పుకోను."

"రెండే వేసింది" అంది ప్రసూన.

"మూడు!"

చుట్టూ జనం నవ్వారు. ఆ ఇద్దరూ నవ్వలేదు.

వారం తర్వాత కమిటీ ఉత్తరాలు వచ్చాయి. క్రమశిక్షణ ఉల్లంఘించి, ఆటగాళ్ళను రెచ్చగొట్టినందుకు సింహాచలమ్మ రెండు సీజన్లు జట్టు బెంచి మీద కూర్చోకూడదు, కోర్టు ఆవరణలోకి రాకూడదు. ప్రసూనకు వచ్చిన ఉత్తరంలో ఇకముందు జాగ్రత్తగా ఉండమని హెచ్చరిక మాత్రమే ఉంది. ఒకే తప్పు, ఒకే రోజు, ఒకే గీత బయట నిలబడిన ఇద్దరు. సింహాచలమ్మ ఆ రెండు సంగతులూ విని, స్టాఫ్ రూములో తన బల్ల మీదున్న ట్రోఫీలను ఒక్కొక్కటిగా తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. "చూసినావా? ఏడో పేరు మళ్ళీ మారిపోయింది" అంది.

నాకు కోపం వచ్చింది. ఆమె కోసం కోపం తెచ్చుకోవడం నాకదే మొదటిసారి కాదు కానీ, ఈసారి ఏదో ఒకటి విసిరికొట్టాలనిపించింది. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాను. ఆయన కమిటీ విషయాల్లో కాలేజీ తలదూర్చదన్నాడు. నేను మేనేజరు పదవి వదిలేస్తానన్నాను. "వదిలీకు. గుంటలతో ఎవరుంటారు?" అని సింహాచలమ్మే నన్ను తిట్టింది.

పది రోజులకు ఒక సంగతి తెలిసింది. ప్రసూన కమిటీకి జవాబు రాసిందట. ఆడకూడదన్న ఆలోచన తనదేననీ, సెక్టర్ 6 కోచ్‌ను ఒప్పించింది తనేననీ, శిక్ష వేస్తే ఇద్దరికీ వెయ్యాలనీ, లేకపోతే పత్రికలకు రజని హాస్పిటల్ కాగితాలు ఇస్తాననీ. కమిటీ వాళ్ళు శిక్ష తగ్గించలేదు. ప్రసూనకూ రెండు సీజన్లు వేశారు.

ఆ కబురు నేనే మోసుకొచ్చాను. సింహాచలమ్మ కరుగుతుందేమో అనుకున్నాను.

"మంచిపని చేసింది. ఆలస్యంగా చేసింది" అంది. "రెండూ నిజమే కుముదినీ. ఒకటి నిజమైతే రెండోది పోదు."

ఈ ఏడాది షెడ్యూలు వచ్చింది. ఆడపిల్లల ఆటలన్నీ సాయంత్రం అయిదున్నరకు. ఇండోర్ హాలు మాత్రం ఇవ్వలేదు, అవే సిమెంటు కోర్టులు. కింద ఒక వాక్యం: 'వాతావరణ పరిస్థితులను దృష్టిలో ఉంచుకుని సమయాలలో మార్పు చేయడమైనది.' రజని పేరు లేదు. రెండు జట్ల పేర్లు లేవు. నేను సంతోషంగా ఆ కాగితం తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె చదివి నా మీదే విరుచుకుపడింది.

"వాతావరణమా? వాతావరణం వెళ్ళి వాళ్ళకి చెప్పిందేటి? నిరుడు ఎండ లేదేటి? టైము ఇచ్చినారు గానీ, తప్పు చేసినామని మాత్రం ఒప్పుకోరు. హాలు అడగాలి. వచ్చే ఏడాది హాలు అడగాలి. రాసుకో."

రాసుకున్నాను.

నెహ్రూ నగర్‌తో మ్యాచి ఈసారి మా గ్రౌండులో జరిగింది. కోచ్‌లిద్దరికీ లోపలికి రావడానికి వీల్లేదు కాబట్టి, మా బెంచి మీద నేను, వాళ్ళ బెంచి మీద వాళ్ళ ఇంగ్లీషు మేడమ్ కూర్చున్నాం. ఆట గురించి మా ఇద్దరికీ తెలిసింది అంతంతమాత్రం. ఇనుప కంచె బయట ఈ చివర సింహాచలమ్మ, ఆ చివర ప్రసూన నిలబడి, నలభై నిమిషాలూ పోటీపడి అరిచారు. రెఫరీ రెండుసార్లు ఆట ఆపి కంచె వైపు వేలు చూపించాడు. కంచె మీద ఏ నియమమూ లేదని సింహాచలమ్మ అక్కడి నుంచే జవాబు చెప్పింది.

తొమ్మిది పాయింట్లతో గెలిచాం. పిల్లలు గెంతుకుంటూ గేటు బయటకు పరిగెత్తుకొచ్చి ఆమె చుట్టూ చేరారు. ఆమె వాళ్ళను రోడ్డు పక్కన వరసగా నిలబెట్టి, రెండో క్వార్టర్లో వరసగా ఆరు బంతులు ఎలా పోగొట్టుకున్నారో ఒక్కొక్కదాన్నే చెప్పిస్తూ ముప్పావుగంట తిట్టింది. గెలిచిన సంగతి మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు.